ఏతపు మ్రాను, ఇంజను కవాటము



ఇంజనులోని కవాటములను గూర్చి గ్రామములలోని పెద్దలకు చెప్పనేల, అది మెకానిక్కుల పని గదా యని కొందఱు తలపవచ్చును. ఇంజనును విప్పువాడు మెకానిక్కే. కాని విప్పించుటకు పైకమిచ్చువాడు ఇంటి పెద్ద. మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతములలో మోటారు సైకిలుగాని ట్రాక్టరుగాని లేని యిల్లు నేడు అరుదు. ఒక దినమున కుమారుడు వచ్చి, “నాయినా, బుల్లెట్టు ఇంజను తిరిగి కట్టించి దాని బలము పెంచెదను, పెద్ద క్యాము వేయించెదను” అనును. తండ్రి పైకమిచ్చును. ఇంజను మంచిగ కట్టబడినచో ఏండ్ల తరబడి పని చేయును. చెడుగా కట్టబడినచో, రాజీవు రహదారి మీద పూర్తి వేగముతో పోవుచుండగా, కవాటపు తల విరిగి పిస్టను మీద పడును. ఇంజను బిగిసిపోవును, వెనుక చక్రము ఉన్నచోటనే నిలిచిపోవును. ఆ రహదారిమీద వెనుక లారీ వచ్చుచుండని క్షణము తక్కువ.

క్యాము మొదలు కవాటము వఱకు గల లంకెలో ఏ ముక్క ఏ యెత్తున, ఏ కోణమున ఉండవలెనను లెక్క ఒకటి కలదు. ఈ పూట ఆ ఒక్క లెక్కను గూర్చియే చెప్పెదను. ఏతము త్రొక్కినవారికిని, త్రొక్కగా చూచినవారికిని అది సగము తెలిసినదే.

ముందుగా వస్తువులను పరిచయము చేసికొందము. పిస్టను పైకి క్రిందికి తిరుగాడు గొట్టము సిలిండరు. దానిపై మూతవలె బిగింపబడినది హెడ్డు. హెడ్డులో రెండు ద్వారములుండును. ఒకటి గాలియు పెట్రోలును లోనికి వచ్చుటకు, రెండవది కాలిన పొగ బయటికి పోవుటకు. ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క కవాటము. దీనినే మెకానిక్కులు వాల్వు అందురు. దాని రూపము తలక్రిందులుగా పట్టిన పుట్టగొడుగు వంటిది. విశాలమైన తల ద్వారమును మూయును. సన్నని కాడ గైడు అను గొట్టములో పైకి క్రిందికి జారుచుండును. బలమైన స్ప్రింగు దానిని ఎల్లప్పుడు మూతవైపే లాగుచుండును. తెఱచుటకు రాకరు అను చిన్న మీట కావలెను. రాకరు నడుమ ఒక ఇరుసుపై తూగును. దాని యొక కొనను క్రిందనుండి పుష్‌రాడ్డు అను సన్నని కడ్డీ పైకి త్రోసినపుడు, రెండవ కొన కవాటపు కాడను క్రిందికి నొక్కును. పుష్‌రాడ్డు క్రింద టాపెటు, టాపెటు క్రింద క్యాము. క్యామనగా కోడిగ్రుడ్డు ఆకారముగల ఉక్కు ముక్క. ఇంజను రెండు చుట్లు తిరిగినపుడు క్యాము ఒక చుట్టు తిరుగును; దాని ముక్కు పైకి వచ్చినపుడు కవాటము తెఱచుకొనును.

ఈ యంత్రములు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. 1932 జూనులో నిజాము ప్రభుత్వపు రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించినది. అవి స్కాట్లండు దేశపు ఆల్బియను కంపెనీ బండ్లు. పొలములలోనికి ఇంజను వచ్చినది నీటి కొఱకు. మేడ్చల్, షామీర్‌పేటలది గట్టి రాతినేల. జీవనది లేదు. చెఱువు క్రింద లేని పొలము బావినే నమ్ముకొనెను. లోతు తక్కువైనచోట ఏతము, ఎక్కువైనచోట ఎడ్ల మోట; తరువాత ఆయిలింజను. ఇంగ్లండులో లిస్టరు కంపెనీ చేసిన నిమిషమునకు 650 చుట్ల ఇంజనును, దానిని చూచి రాజకోటలో చేసిన ఇంజనులును దేశమంతట వ్యాపించినవి. 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిల్ ఇంజనుల కంపెనీ ఏర్పడెను. ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ ప్రాంతపు రైతులు ఎండకాలపు రాత్రులలో ఆయిలింజను చప్పుడు వినుచు నిద్రించిరి. చప్పుడు ఆగినచో మేల్కొనిరి. పిదప విద్యుత్తు వచ్చినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో పొలపు పంపులకు ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. నేడు ఆయిలింజనులు అనేకము కొట్టముల మూలలలో త్రుప్పు పట్టుచున్నవి.

ఆ పాత ఇంజనును తలచుటకు కారణము కలదు. 650 చుట్ల ఇంజనులో ఒక్కొక్క కవాటము నిమిషమునకు 325 మారులు, అనగా క్షణమునకు అయిదు మారులకు కొంచెము మించి తెఱచుకొనును. మోటారు సైకిలు ఇంజనును నిమిషమునకు 6000 చుట్లు త్రిప్పినచో, కవాటము క్షణమునకు 50 మారులు తెఱచి మూయవలెను. వేగము తొమ్మిది రెట్లు పెరిగినపుడు కవాటమును కుదిపి ఆపుటకు వలయు బలము తొమ్మిది రెట్లు మాత్రమే పెరుగునని అనుకొనుట సహజము. అది నిజము కాదు. ఈ బలము వేగపు వర్గము ననుసరించి పెరుగును. తక్కినవన్నియు సమానమైనచో సుమారు 85 రెట్లగును. అందుచేత నిదానపు ఇంజను క్షమించిన తప్పును వేగపు ఇంజను క్షమింపదు. ఆయిలింజనులను ఇరువదియేండ్లు బాగుచేసిన చేయి అయినను, పందెపు ఇంజను కట్టునపుడు కంటి అంచనాను విడిచి కొలతను పట్టవలసి యుండును.

ఇక ఏతమునకు వత్తము. నిలువు కంబముపై అడ్డముగా ఒక మ్రాను తూగుచుండును. దాని యొక కొననుండి గడకఱ్ఱ బావిలోనికి వ్రేలాడును. గడ చివర బొక్కెన. మనుష్యుడు మ్రానుపై ముందునకు వెనుకకు నడచుచు బొక్కెనను దింపును, లేపును. కంబమునుండి కొన వఱకు మ్రాను 10 అడుగులనుకొందము. బొక్కెన 8 అడుగులు దిగి 8 అడుగులు లేవవలెననుకొందము. మ్రాను కొన తిన్నగా దిగదు. అది విల్లువంటి వంపు దారిలో దిగును. దిగుచునే కంబము వైపునకు గాని, దానినుండి దూరముగా గాని జరుగును. బొక్కెన సగము దిగినపుడు మ్రాను సమతలముగా నుండునట్లు కంబపు ఎత్తును పెట్టినచో, కొన 4 అడుగులు పైకిని 4 అడుగులు క్రిందికిని ఆడును. అపుడు ప్రక్కకు జరుగునది పది అంగుళములు మాత్రమే. గడ ఇంచుమించు నిలువుగా నుండును. కాని పని ఆరంభమున, బొక్కెన పైన ఉన్నపుడే మ్రాను సమతలముగా నుండునట్లు కట్టినచో, 8 అడుగులును క్రిందివైపే పోవలెను. అపుడు కొన ప్రక్కకు జరుగునది 4 అడుగులు! గడ బావి గట్టును ఒరయును, బొక్కెన రాళ్లకు కొట్టుకొనును, త్రొక్కువాని బలములో కొంత గట్టు నరుగదీయుటకే పోవును. మ్రాను అదే, బొక్కెన అదే, దిగిన లోతును అదే. కంబపు ఎత్తు ఒక్కటియే వేఱు.

రాకరే ఆ మ్రాను. ఇరుసే కంబము. కవాటపు కాడయే గడ. కాడ గైడులో తిన్నగా జారవలెను. రాకరు ముక్కు వంపు దారిలో తిరుగును. ఈ రెండింటికిని గల భేదమంతయు కాడ కొనపై ప్రక్క ఒరపుగా మారును. ఇరుసునుండి ముక్కు వఱకు 40 మిల్లీమీటర్లు, కవాటము తెఱచుకొను ఎత్తు 10 మిల్లీమీటర్లు అనుకొందము. కవాటము సగము తెఱచినపుడు రాకరు కాడకు సరిగా అడ్డముగా, అనగా తొంబది అంశల కోణమున నున్నచో, ముక్కు ప్రక్కకు జరుగునది ఒక మిల్లీమీటరులో మూడవ వంతు కన్న తక్కువ. కవాటము మూసియున్నపుడే అడ్డముగా నున్నచో అది ఒకటింబావు మిల్లీమీటరు, అనగా నాలుగు రెట్లు. ఒకటింబావు మిల్లీమీటరేమి లెక్క యనవచ్చును. ఆ ఒరపు క్షణమునకు 50 మారులు, వందల న్యూటనుల స్ప్రింగు బరువు క్రింద జరుగుచున్నదని మఱువరాదు. రాకరు ముక్కు గుండ్రముగా నుండును గనుక తాకుచోటు ఆ గుండ్రనిమీద కూడ కొంత దొర్లును; అందుచేత మిక్కిలి కచ్చితమైన స్థానము ఇంజను ఇంజనుకును కొంచెము మారును. అయినను సగము తెఱపు వద్ద అడ్డముగా నుండవలెనను సూత్రము దారి చూపుటకు చాలును.

ఒరపు ఎక్కువైనచో కలుగు నష్టములు ఒకదాని వెంట ఒకటి వచ్చును. కాడ ప్రక్కకు నెట్టబడును. గైడు కోడిగ్రుడ్డువలె సాగి అరుగును. అరిగిన గైడులోనుండి నూనె లోనికి దిగి నీలిపొగగా బయటికి వచ్చును. కాడ వంకరగా నూగుటచే కవాటపు తల తన పీట మీద చదరముగా కూర్చుండదు. కూర్చుండని చోటనుండి మంట జారును. పొగ కవాటపు తల పని చేయుచున్నపుడు ఎఱ్ఱగా కాగియుండును. పీటను తాకినపుడే అది చల్లబడును. సరిగా తాకని అంచు కాలును, పగులును. మఱియొక వైపున, ప్రతి మూతకును తల వంగి నిటారగుటచే కాడ మెడవద్ద అలసి విరుగును. కవాటము విరిగినపుడు, ఉక్కు చెడ్డదని అంగడివానిని తిట్టుదురు. తఱచుగా తప్పు ఉక్కుది కాదు, కంబపు ఎత్తుది.

క్రొత్తగా వచ్చిన ఇంజనులో ఈ లెక్కను కంపెనీవారు వేసియే యుందురు. మఱి అది ఎట్లు చెడును? మన ప్రాంతమున మిక్కిలి సాధారణమైన కారణము క్యాము కాదు, పందెము కాదు. పదే పదే చేయించిన వాల్వు గ్రైండింగు. పీటను త్రవ్విన కొలదియు కవాటపు తల హెడ్డులోనికి లోతుగా దిగును. తల లోనికి పోయినంత మేర కాడ కొన పైకి లేచును. ఒకటిన్నర మిల్లీమీటరు అట్లు లేచినదనుకొందము. మనము చెప్పుకొనిన ఇంజనులో ముక్కు ఇరుసు సమతలమునకు అయిదు మిల్లీమీటర్ల పైనుండి బయలుదేరుటకు బదులు ఆరున్నర పైనుండి బయలుదేరును. ప్రక్క ఒరపు 0.31 నుండి 0.53 మిల్లీమీటరునకు పెరుగును. అంతేగాక స్ప్రింగు కూర్చుండు చోటు అదే యుండి పై చిప్ప పైకి పోవుటచే స్ప్రింగు బిగువు సడలును. దాని క్రింద ఆ మేరకు పలుచని ఉక్కు వలయము వేయవలెను. దీనికి బదులు కొందఱు కాడ కొననే సాన పట్టి పొట్టిచేయుదురు. కాడ కొనమీద గట్టిపఱచిన పొర పలుచగా నుండును. అది పోయినపిమ్మట మెత్తని లోహము రాకరు దెబ్బలకు మేకు తలవలె నలిగి విచ్చుకొనును. పీట మిక్కిలి లోతైనచో క్రొత్త పీటను ఇమిడ్చి కవాటమును తన మొదటి యెత్తునకు తెచ్చుటయే సరియైన పని. బాలానగరు, జీడిమెట్ల ప్రాంతములలో లేతు పట్టిన చేతులు అనేకము కలవు. ఈ పని వారికి అసాధ్యము కాదు. అడిగినవారు లేరు గనుక చేయుట లేదు.

రెండవ కారణము ఎక్కువ ఎత్తు తెఱచు క్యాము. కుమారుడు కోరునది ఇదియే. కవాటము 10 మిల్లీమీటర్లకు బదులు పన్నెండున్నర తెఱచుకొనునని చెప్పి క్యామును అమ్ముదురు. కవాటము మూసియుండు చోటు మాఱలేదు. అదనపు రెండున్నర మిల్లీమీటర్లును క్రిందివైపే పోవును. కనుక ముక్కు అయిదు మిల్లీమీటర్లు పైనుండి బయలుదేరి ఏడున్నర క్రిందికి పోవును. ఒరపు 0.71 మిల్లీమీటరగును, అనగా రెండింతలు దాటినది. ఇరుసును ఒకటింబావు మిల్లీమీటరు క్రిందికి దింపినచో మరల రెండువైపులను ఆరుంబావు చొప్పున సరిపడి, ఒరపు 0.49కి తగ్గును. ఇరుసును మోయు దిమ్మెల అడుగును అంత మేర కోయించుటయే ఈ పని. క్యామునకు వేలకు వేలు పెట్టినవారు ఈ కోతకు కొద్దిపాటి కూలి పెట్టుటకు వెనుదీయుదురు.

ఇచ్చట ఒక ముఖ్యమైన భేదమును చెప్పక తప్పదు. చాల గందరగోళము దీనివలననే పుట్టుచున్నది. అమెరికాలో 1955లో షెవ్రొలే కంపెనీ తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజనులో రాకరులకు స్థిరమైన ఇరుసు లేదు. ఒక్కొక్క రాకరు ఒక్కొక్క నిలువు స్టడ్డుపై నట్టుతో నిలిచియుండును. నట్టును బిగించుటచే రాకరు క్రిందికి దిగును. అందుచేత పుష్‌రాడ్డు పొడవును మార్చినచో రాకరు తూగు ఎత్తు మారును. అట్టి ఇంజనులకు ‘పుష్‌రాడ్డు పొడవే సర్వస్వము’ అని అమెరికావారు చెప్పుట న్యాయమే. మన యువకులు ఆ మాటను విని బుల్లెట్టునకును ట్రాక్టరునకును అన్వయింతురు. వీనిలో రాకరు ఇరుసు దిమ్మెలకు బిగింపబడి స్థిరముగా నుండును. ఇచ్చట పుష్‌రాడ్డును పొడుగు చేసినను పొట్టి చేసినను కవాటము వైపున కోణము వెండ్రుకవాసియైనను మాఱదు. సందు సరిచేయు మర యొక్క స్థానము మాత్రమే మారును. హెడ్డు అడుగును కోయించి ఒత్తిడి పెంచినపుడు పుష్‌రాడ్డు పొడుగు మిగులును. దానిని సరిచేయవలసినదే. కాని అది కవాటపు కోణమును సరిచేసినట్లు కాదు. మన ఇంజనులలో కోణమును మార్చునది దిమ్మెల ఎత్తును, కాడ కొన ఎత్తును, మఱియేమియు కాదు.

బుల్లెట్టులో కూడ అన్నియు ఒకటి కావు. 1955లో మద్రాసులో కూర్చుట ఆరంభించిన పాత ఇనుప ఇంజనులో సందు సరిచేయు మర పుష్‌రాడ్డు అడుగుననే యుండును. ఇంజను చల్లగా నున్నపుడు పుష్‌రాడ్డు వ్రేళ్లకు సులువుగా తిరుగవలెను, పైకి క్రిందికి మాత్రము ఆడరాదు. అదే దాని లెక్క. తరువాతి ఇంజనులలో నూనె ఒత్తిడితో తనంతట తానే సందు పూరించుకొను టాపెట్లు వచ్చినవి. 2020లో ఆరంభమైన జె వరుస ఇంజనులలో పుష్‌రాడ్లే లేవు. క్యాము హెడ్డులోనికే ఎక్కినది. కనుక పాత బుల్లెట్టు నేర్పిన మేస్త్రీ మాటను క్రొత్త బండికి పట్టించుట కూడదు. సందు ఎంత యుండవలెనో ఆయా ఇంజను పుస్తకము చెప్పినదే ప్రమాణము.

పని సరిగా జరిగినదో లేదో తెలిసికొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. కాడ కొనమీద నీలిరంగు గాని, గుర్తులు పెట్టు సిరా గాని పూయవలెను. రాకరును బిగించి, సందు సరిచేసి, ఇంజనును చేతితో నిదానముగా రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. రాకరును తీసి చూచినచో ముక్కు ఒరసిన చోట సిరా చెరిగి ఒక చార కనబడును. చార సన్నగా నున్నచో కోణము సరియైనది. వెడల్పుగా నున్నచో ఇరుసు ఎత్తు సరిగా లేదు. చార కాడకు నడుమ ఉన్నదా, ప్రక్కకు ఉన్నదా యనునది వేఱు ప్రశ్న. చాలమంది దీనిని కలగాపులగము చేయుదురు. చారను నడిమికి తెచ్చుటకై ఎత్తును మార్చి, సన్నని చారను వెడల్పు చేసికొందురు. ఎత్తు చార వెడల్పును నిర్ణయించును. ఇరుసు ముందువెనుకలు చార స్థానమును నిర్ణయించును. నడిమికి ఇంచుక ఈవలనున్న సన్నని చార, నట్టనడుమనున్న వెడల్పు చార కన్న మేలు. అంచును తాకినచో మాత్రము ఒప్పుకొనరాదు.

దీని తరువాత చేయవలసినది మట్టి పరీక్ష. పెద్ద క్యాము వేసినపుడును, హెడ్డు కోయించినపుడును కవాటము పిస్టనును తాకు ప్రమాదము కలదు. పొగ బయటికి పోవుట ముగిసి గాలి లోనికి వచ్చుట ఆరంభమగు సమయమున పిస్టను పైననే యుండును, రెండు కవాటములును కొంచెము తెఱచియే యుండును. పిస్టను తలపై ఇసుక లేని మెత్తని మట్టిని గాని, పిల్లలు బొమ్మలు చేయు మైనపు మట్టిని గాని అంటించి, హెడ్డు బిగించి, చేతితో రెండు చుట్లు త్రిప్పి విప్పవలెను. కవాటము నొక్కినచోట మట్టి ఎంత మందమున మిగిలినదో కత్తితో కోసి కొలువవలెను. సాధారణముగా గాలి కవాటమునకు రెండు మిల్లీమీటర్లు, పొగ కవాటమునకు రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువ కాకుండ చూచుకొందురు. పొగ కవాటము వేడికి పొడుగు సాగును గనుక దానికి ఎక్కువ చోటు. వేగము మించినపుడు స్ప్రింగు కవాటమును సకాలమున వెనుకకు లాగలేక తడబడును. ఆ తడబాటుకు కూడ ఈ చోటే దిక్కు. మట్టిని పూర్తిగా తుడిచి తీయుట మఱువరాదని వేఱుగా చెప్పనక్కరలేదు గాని, చెప్పుటయే మంచిది.

కవాటము పూర్తిగా తెఱచినపుడు స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి తాకరాదు. అన్ని సందులును కలిపి ఒకటిన్నర మిల్లీమీటరైనను మిగులవలెను. పై చిప్ప గైడు కొనను తాకరాదు. పుష్‌రాడ్డు హెడ్డులోని తన రంధ్రపు అంచును ఒరయరాదు. వీనిని గూర్చి ఇంతకన్న చెప్పవలసినది లేదు; చూచిన తెలియును. చూడకపోవుటయే జబ్బు.

పైకమిచ్చు పెద్దలు అడుగదగిన ప్రశ్నలును ఇందులోనుండియే పుట్టును. “కాడ మీద చార ఎంత వెడల్పు వచ్చినది?” అని మేస్త్రీని అడుగుడు. చూపించినచో అతడు పని తెలిసినవాడు. “అవేమియు అక్కరలేదు, నా చేతికి తెలియును” అన్నచో బండిని అతనివద్ద నుంచవలదు. పీట ఎంత లోతు త్రవ్వినారో, కాడ కొన ఎంత లేచినదో, ఇరుసు దిమ్మెలకు ఏమి చేసినారో అడుగుడు. కుమారుని కూడ ఒక మాట అడుగవలసియున్నది: ఈ బలమును ఎచ్చట వాడును? 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, నమోదు పత్రములోని వివరములకు భేదించునట్లు బండిని మార్చుటను నిషేధించినది. ప్రభుత్వ అనుమతి లేక రోడ్డుపై పందెము వేయుటకు 189వ సెక్షను శిక్ష విధించుచున్నది. మేడ్చల్, షామీర్‌పేటల ప్రక్కగా పోవు వెలుపలి వలయపు రహదారి ముఖ్యమార్గముపైకి ద్విచక్ర వాహనములను రానీయరు. పందెము మీద నిజమైన మక్కువ గల యువకునకు చెన్నపట్టణము వద్ద ఇరుంగట్టుకోటలో పందెపు బాట కలదు. అచ్చట ఎదురు లారీ రాదు. పడినను ఎత్తుటకు మనుష్యులుందురు.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేను సాగరు ఒడ్డున ప్రపంచ స్థాయి కారు పందెము జరిగినది. ఆ కార్లలో కవాటము లేదు, క్యాము లేదు, రాకరు లేదు. అవి విద్యుత్తు బండ్లు. కొంత కాలమునకు ఈ ప్రసంగము వినువారికి వింతగా తోచవచ్చును. కాని నేడు మన వాకిళ్లలో నిలిచియున్న బండ్లు చాలవఱకు కవాటపు బండ్లే. కొట్టములోని ఆయిలింజనును పడవేయక యుంచినవారు దానిమీదనే పిల్లలకు సిరా పరీక్ష నేర్పవచ్చును. హెడ్డు పైమూత తీసినచో దాని రాకరు పెద్దదిగా, నిదానముగా, కంటికి కనబడునట్లు తూగును. మ్రాను ఏ క్షణమున సమతలమగుచున్నదో పిల్లవాడే చెప్పగలడు.

క్రొత్తగా కట్టిన ఇంజనును మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానముగా నడిపి, చల్లబడిన తరువాత సందును మరల చూడవలెను. పీటలు, మరలు కుదురుకొనునపుడు సందు మారుట సహజము. మరల మరల మారుచున్నచో ఎచ్చటనో ఏదో అరుగుచున్నదని యర్థము. ఆ మొదటి నూనెను తెల్లని పళ్లెములోనికి దింపించి ఎండలో పెట్టి చూడుడు. సన్నని బూడిదరంగు మాత్రమే కనబడినచో బండిని వాడుకొనవచ్చును. అయస్కాంతమునకు అంటుకొను ఇనుప రజను కనబడినచో, బండిని తాళము వేసి యుంచి, హెడ్డు పైమూతను మరల విప్పింపుడు.